కడిగిన తాటాకు

నిన్న సాయంత్రం లాంతరు గాజు తుడుస్తుంటే బొటనవేలికి మసి అంటింది. అంతే, తుడిచే గుడ్డ కింద పడేశాను. ఈ వయసులో మసికి భయపడే మనిషిని ఊళ్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను. కోడలు నవ్వింది, నవ్వనీ. ఆ వాసన తగిలితే నాకు వైద్యం అవ్వ గుర్తొస్తుంది, ఆమె ముందు ఖాళీ తాటాకు పట్టుకుని నిలబడిన పదకొండేళ్ల పిల్ల గుర్తొస్తుంది.

తర్లుపాడులో అవ్వది మా పక్కిల్లు. ఆమె భర్త నాటువైద్యుడు. ఆయన పోయాక తాటాకుల కట్ట ఒకటి ఆమెకు మిగిలింది. అవి దొరల రోజులు, మేం మద్రాసు రాజధాని కింద ఉండేవాళ్లం. ఆడపిల్లకు చదువెందుకనేవాళ్లే ఎక్కువ. అవ్వ మాత్రం నన్ను కూచోబెట్టి ఆ ఆకులే చదివించేది, తన చూపు తగ్గుతోంది గనక. చదివింది పలక మీద రాసి చూపాలి. పలకలకు మాకు కరువు లేదు. సేద్యం లేని రోజుల్లో మా నాయన పలకల గనిలో రాయి చీల్చేవాడు. తప్పు రాస్తే అవ్వ తిట్టేది కాదు. తడిగుడ్డ అందించి, "తుడిచి మళ్లా రాయి పాపా, పలకుండేది దానికే గదా" అనేది. తెలియని అక్షరాన్ని ఊహించి చదివితే మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యేది. "తెలీకుంటే తెలీదని చెప్పు. మందుల పుస్తకంలో ఊహ చేస్తే పీనుగ లేస్తాది."

ఆ ఏడు దసరాకు సరస్వతి పూజలో పెట్టాలి, కట్ట దులిపి తెమ్మంది అవ్వ. మా ఇళ్లల్లో పూజకు ముందు పలకను నీళ్లతో రుద్ది నిగనిగలాడేలా చేసి పెడతారు. అవ్వను మెప్పించాలని నేను పై నాలుగు ఆకుల్ని పలకలాగే తడిగుడ్డతో రుద్ది కడిగాను. నీళ్లు నల్లగా దిగాయి. మురికి పోయిందని సంబరపడ్డాను. ఆరాక చూస్తే ఆకుల మీద ఒక్క అక్షరం లేదు.

ఎవరూ చూడకముందే కట్ట బిగించి పూజలో పెట్టేశాను. పూజలో పెట్టిన పుస్తకాన్ని మర్నాటిదాకా విప్పరు గదా, ఆ ఒక్కరోజూ బతికిపోయాననుకున్నాను. అక్షరాలు తిరిగిమ్మని సరస్వతికి ఎన్ని దండాలు పెట్టానో లెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే మా తమ్ముడికి ఒళ్లు కాలిపోయింది. వాడింకా పాలు తాగే బిడ్డ. నాయన ఆ మధ్యే మార్కాపురంలో ఒక అచ్చు వైద్య పుస్తకం, కొన్ని మాత్రలు కొనుక్కొచ్చాడు. జ్వరానికి నాభి మాత్ర అరగదీసి తేనెతో ఇవ్వమని ఆ పుస్తకంలో ఉంది. నాభి అంటే విషపు వేరు. భయపడి అమ్మ అవ్వను పిలిచింది. అవ్వ వచ్చేసరికి నాయన సాన మీద మాత్ర అరగదీస్తున్నాడు.

"పాలు తాగే బిడ్డకు అది వద్దు నాయనా. మా ఆకులో రాసుండాది," అంది అవ్వ.

"మద్రాసులో అచ్చేసిన పుస్తకం పెద్దమ్మా ఇది. వద్దని ఇందులో యాడుంది? ఉంటే నీ ఆకు చూపీ."

"పాపా, కట్ట పట్టుకురా. మూడో ఆకు చదివి మీ నాయనకు వినిపీ."

ఆ పక్కింటికి పోయి రావడం పది అడుగులు. కట్ట తెచ్చి అవ్వ ముందు విప్పాను. మూడో ఆకు తీశాను. పాలు తాగే బిడ్డకు కూడదని ఏదో ఆకులో నేను చదివిన మాట నిజమే. కానీ అది ఈ మాత్రకేనా, మరొకదానికా? కూడదని చదివేస్తే, మందు లేక తమ్ముడు పోతే? అమ్మ ఒళ్లో వాడి మూలుగు వినిపిస్తూనే ఉంది. నాయన వేలు తేనెలో ముంచాడు.

"నేను కడిగేసినా అవ్వా," అని ఏడ్చాను. "పలక మాదిరి కడిగేసినా. అంతా పోయింది."

అవ్వ ఆకు తీసుకుని గోటితో మెల్లగా గీకి చూసింది. "యాడికి పోతాదే? ఇనప గంటంతో గీసింది గదా. పోయింది మసే. దీపం గూట్లో నుంచి రవ్వంత మసి తే."

మసిలో నూనెచుక్క వేసి బొటనవేలితో ఆకంతా రుద్ది, గుడ్డతో తుడిచింది. గీతల్లో మసి నిలిచింది. నల్లగా, ఒక్కొక్కటే, అక్షరాలు లేచాయి. అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాను: నాభి మాత్ర చనుబాలు తాగు బిడ్డకు కూడదు.

నాయన సాన మీది మందు కడిగి పెరట్లో పారబోశాడు. జ్వరం తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆకు చెప్పింది నిజమేనా అని భయపడుతూనే ఉన్నాను. అయిదో రోజు వాడు పాలకు ఏడ్చాడు. ఆ రోజే అవ్వ నాయన చేత సిరా తెప్పించి, అచ్చు పుస్తకం అంచున ఆ వాక్యం నా చేత రాయించింది. నేను రాస్తుంటే నెమ్మదిగా అడిగింది.

"ఆకు ఖాళీగా ఉన్నా ఏదో ఒకటి చదివేద్దామనుకున్యావా పాపా?"

తల ఊపాను.

"చదివుంటే నమ్మేదాన్ని. నాకు కండ్లు నువ్వే గదా."

తిట్టినా బాగుండేది. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. తమ్ముడికి మనవలున్నారు. ఇప్పటికీ ఎవరైనా ఉత్తరమో మందు చీటీయో తెచ్చి చదవమంటే ముందు దీపం దగ్గరకు జరుపుకుంటాను. ప్రతి మాటా రెండుసార్లు చూస్తాను, తెలియని చోట తెలియదంటాను. నిన్న కోడలు సబ్బు అందించింది. మసి వేలు కాసేపు అట్లాగే ఉంచుకున్నాను.