గోడ దూకి వచ్చిన పాట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పాటకు ఒక పని ఉండేది. నోటికి కాపలా కాయడం.

పుంగనూరుకు కొద్ది దూరంలో మాది మెట్ట ఊరు. వానలకు ముందు విత్తనం కోసం మూటల కొద్దీ చెనిక్కాయలు ఒలవాలి. వేరుశెనగను మా వైపు అట్లాగే అంటాం. వీధిలోని ఆడవాళ్ళంతా ఒక వసారాలో చేరి, కాయను బొటనవేలితో నొక్కి, గింజ మీది ఎర్రపొర చిట్లకుండా చేటలో వేసేవాళ్ళు. పొర చిట్లితే మొలక రాదు. అయితే చేట నిండా గింజలు పెట్టుకున్న మనిషి చేయి నోటి దాకా పోకుండా ఉంటుందా? అందుకని కాయలు గలవాళ్ళే పాడమని బతిమాలేవాళ్ళు. పాడే నోటితో నమలడం కుదరదు కదా. పాటలన్నీ ఆకాశం నుంచి ఊడిపడ్డాయని చెప్పే పెద్దలకు ముందే మనవి చేస్తున్నాను. మా పాటలు గింజలు మిగలడం కోసం పుట్టాయి. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

ఆ ఏడు ఒలుపు పక్కింట్లో. అందరిలోకీ బాగా పాడేది పక్కింటి అక్కే. అప్పటికి పెళ్ళీడుకు వచ్చింది. అత్త అరుపు వినగానే అటకెక్కి దాక్కునే మొగుడి మీద ఒక పాట ఉండేది. అక్క ఒక్కో చరణానికీ ఆ మొగుణ్ణి కొత్త చోట దాచేది, కుందెన వెనక, గడ్డివాములో, చివరికి ఖాళీ గాదెలో. నేను వంత పాడేదాన్ని. నవ్వలేక కడుపు పట్టుకునేవాళ్ళం గానీ వేళ్ళు మాత్రం ఆగేవి కావు. కాయ చిట్లే చప్పుడే మా తాళం.

ఆ వసారా గోడకు అవతల మా ఊరి భజన గురువు గారి ఇల్లు. మంచి గొంతు, మంచి నడవడి, ఊరంతా సామీ అని పిలిచే మనిషి. ఆయన పాటలకు మెట్లు కట్టేవాడు. పై మెట్టు పాటలు సంస్కారం ఉన్నవాళ్ళకే నచ్చుతాయట, కింది మెట్టువి మొరటు బుద్ధులకు నచ్చుతాయట. ఒక శనివారం భజన మందిరంలో పదిమంది ముందర అక్క వాళ్ళ నాయనతో అన్నాడు, "ఏమప్పా, మీ వసారాలో ఆ పాటలేంది? ఆ పాటను మెచ్చే ఆడబిడ్డ బుద్ధి గూడా అట్లనే తయారవతాది."

అక్క వాళ్ళ నాయన తల దించుకుని ఇంటికి వచ్చాడు. వచ్చి అక్కతో ఒకే మాట అన్నాడు.

"ఇంగొకసారి ఆ పాట నీ నోట ఇన్నానంటే కుప్పంలో మీ మేనత్త ఇంటికి పంపించేస్తా. పెండ్లి దాకా ఆడే ఉందువు."

ఆ మేనత్త ఇల్లు మాకు తెలుసు. ఆ ఇంట్లో పైకి నవ్వితే కూడా సంజాయిషీ చెప్పుకోవాలి. అక్క ఏడవలేదు. మరునాడు వచ్చి కూర్చుని, తల ఎత్తకుండా కాయలు ఒలిచింది. ఎవరూ పాడలేదు. సాయంత్రం అక్క వాళ్ళ నాయన వచ్చి చేటలు చూశాడు. పొట్టు కుప్ప మామూలుగానే ఉంది, గింజలు మాత్రం తగ్గాయి.

"ఏమ్మా, గింజలు యాడ పోయినాయి?"

ఒలిచేవాళ్ళలో పెద్దావిడ ఒకామె తాపీగా చెప్పింది, "నువ్వే కదప్పా నోరు మూసుకోమంటివి. మూసినాము. మూసిన నోరు ఊరికే ఉంటాదా, నముల్తా ఉండాది."

అందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పరువు ఒకవైపు, విత్తనం ఒకవైపు. రైతు కదా, కాసేపు గడ్డం గోక్కుని మధ్యే మార్గం పట్టాడు. "సరే, మాటలొద్దు. ఊరికే రాగం తీసుకోండి."

ఇక ఆ రోజు నుంచి అటక లేదు, అత్త లేదు, మొగుడు లేడు. ఉత్త రాగం. పొద్దున మొదలైతే దీపాలు పెట్టే దాకా అదే రాగం వసారాలో తిరుగుతూ ఉండేది. అక్క కూడా కూనిరాగం తీసేది గానీ ఆ గొంతులో వెలుగు పోయింది. చరణంలో మొగుణ్ణి దాచే చోటు రాగానే ఒక్క క్షణం ఆగి, పెదవి కొరుక్కునేది.

మా అవ్వ చదువుకున్న మనిషి కాదు, దేనికీ ఊరికే తల ఊపే మనిషీ కాదు. ఒకరోజు పొద్దున నన్ను గురువు గారింటికి పూలిచ్చి రమ్మని పంపింది. నేను పరుగెత్తుకుంటూ తిరిగొచ్చాను.

"అవ్వా, సామి గంధం తీస్తా మన పాట పాడతాండాడు!"

అవ్వ చేతిలోని చేట కింద పెట్టింది. "మాటలుండాయా?"

"లేవు. రాగమే."

మా చిన్నాయన భజనలో హార్మోనియం వాయించేవాడు. అవ్వ ఆయన్ను పిలిచి గుమ్మం పక్కన ఏదో చెప్పింది. ఆయన ముందు వద్దన్నాడు, తర్వాత నవ్వాడు.

శనివారం పొద్దు గూకే వేళకు మందిరం నిండింది. చిన్నాయన హార్మోనియం తీసి, కీర్తన ఎత్తుకోకముందే ఒలుపు రాగాన్ని కాస్త నిదానంగా వాయించాడు. గురువు గారు కళ్ళు మూసుకున్నాడు. తల ఊగింది, అరచేయి తొడ మీద తాళం వేసింది. నేను అవ్వ ఒడిలోంచి చూస్తూనే ఉన్నాను. రాగం ఆగాక ఆయన కళ్ళు తెరిచి, "ఏ క్షేత్రంలో నేర్చుకుంటివప్పా దీన్ని? ఇది పై నుంచి దిగొచ్చిన రాగం. సంస్కారం ఉండే చెవికే దక్కతాది," అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి అవ్వ లేచి నిలబడింది.

"దిగి రాలేదు సామీ. గోడ దూకొచ్చింది."

అవ్వ అక్క వైపు తిరిగి, "పాడమ్మా," అంది. అక్క తన నాయన వైపు చూసింది. ఆయన చూపు నేల మీద ఉంది. కుప్పం బస్సు అప్పుడే వీధి చివర ఆగినంత భయం నాకు. అక్క పాడింది. మాటలతో పాడింది. మొదటి చరణం వణికింది. రెండో చరణంలో మొగుడు గడ్డివాములో దూరేసరికి ఆడవాళ్ళంతా అందుకున్నారు. వేళ్ళ మధ్య కాయలు లేకపోయినా వాళ్ళ బొటనవేళ్ళు నొక్కుతూనే ఉన్నాయి.

గురువు గారు ఊరికే ఓడే మనిషి కాదు. "రాగం శుద్ధమే, మాటలే మైల," అన్నాడు.

"రాగం శుద్ధమైతే మా వసారాను మైలంటివి యాల సామీ?" అంది అవ్వ. "నీ తల ఊగినప్పుడు మాటలు లేవు కదా."

గింజలు నమిలిన పెద్దావిడ ఊరుకుంటుందా? "పెండ్లాం తల్లికి భయపడే మొగుడు మైలైతే ఊర్లో సగం మందికి తలంట్లు పోయాల సామీ!"

మొదట నవ్వింది అక్క వాళ్ళ నాయనే. ఆపుకోలేక, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. అట్లా నవ్విన మనిషి కూతుర్ని ఆ పాట పేరు చెప్పి ఊరు దాటించలేడు. అక్క కుప్పం పోలేదు. గురువు గారు మాత్రం లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. తర్వాత కూడా ఆయన ఒప్పుకోలేదు. మెట్లు కట్టేవాళ్ళు అంత తొందరగా మెట్లు దిగరు.

ఇంటికి నడుస్తూ, మన పాటే గొప్పదని తేలింది కదా అని నేను గంతులు వేశాను. అవ్వ నా చేయి పట్టి ఆపింది.

"ఏం తేలింది? ఆయప్ప అబద్ధం చెప్పలేదు పాపా. పొద్దస్తమానం గోడవతల ఇన్న్యాడు, చెవికి అలవాటయింది, ఇష్టమయింది. యాల ఇష్టమో తెలీక దేవుడి పేరు చెప్పినాడు. నువ్వు గూడా అంతే. ఒలుపుల్లో నా ఒడిలో కూసోని ఇన్న్యావు గాబట్టి నీకు అది తీపి. నీ తీపిని ఇంగొకరి నెత్తిన రుద్దద్దు."

గెలిచిన పూటే గెలుపు మీద అనుమానపడటం నేర్పిన మనిషి ఆమె. ఆ తర్వాత ఎన్నో వాదనలు విన్నాను, ఎన్నో సభల్లో నిలబడి మాట్లాడాను. ఆ వీధిలో విన్నంత నిక్కచ్చి మాట మళ్ళీ వినలేదు.

ఇప్పుడు మదనపల్లెలో ఉంటున్నాను. పొద్దున నడకకు వచ్చే నా ఈడు వాళ్ళకు ఈ కాలం పాటలంటే మంట. ఈ పిల్లలకు సంస్కారం లేదంటారు, ఆ రోజుల పాటలే పాటలంటారు. నేను ఒకటే అడుగుతాను, ఆ పాటలు విన్నప్పుడు మీ వయసెంత, పక్కన ఎవరున్నారు? నడక వేగం పెంచుతారు. ఒకసారి, మంచి పాట అంటే ఏమిటో పిల్లలకు చెప్పమని ఒక సభకు పిలిచారు. మంచిదో కాదో తర్వాత, ముందు మీకు అది ఎందుకు నచ్చిందో మీరే కనిపెట్టండని పిల్లలతో చెప్పాను. మళ్ళీ పిలవలేదు. పిలవకపోతే పోనీ.

పాట ఏ నోట పుట్టిందో చూసి దానికి మెట్టు చూపించేవాళ్ళకు తలవంచడం నాకు చేతకాదు. అట్లాగని నా చెవి కూడా న్యాయాధికారి కాదు. మా మనవరాలు పక్కగదిలో ఫోన్‌లో ఒక పాట పెట్టుకుంటుంది. మొదట్లో నాకది తలమీద రేకుల డబ్బా మోగించినట్టు ఉండేది. మొన్న చట్నీకి చెనిక్కాయలు ఒలుస్తుంటే ఆ పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏందవ్వా, నా పాట పాడతాండావు?"

చూసుకుంటే నిజమే. బొటనవేలు కూడా ఆ తాళానికే నొక్కుతోంది.

"నీ పాటెందుకయింది?" అన్నాను. "గోడ దూకొచ్చింది."