మా అమ్మ మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళింది

మొన్న రాజమండ్రి ఆసుపత్రిలో గుండె డాక్టరు గారు నా పరీక్షలన్నీ కంప్యూటరులో చూసి, రక్తనాళాలు మూసుకుపోయాయి, స్టెంట్లు వెయ్యాలి, ఎప్పుడు చేరతారని అడిగితే, మా అమ్మాయే నా తరఫున శుక్రవారమని చెప్పేసింది. ఆటోలో కొవ్వూరు తిరిగి వస్తూ, ఆయన మీద నమ్మకం కుదిరిందా అమ్మా అని అడిగింది. నాకు భయమూ వెయ్యలేదు, ధైర్యమూ కలగలేదు. ఏమో అన్నాను. నా ఈడువాళ్ళకి ఆ ‘ఏమో’ అర్థమవుతుందనే ఇది రాస్తున్నాను.

నా పడుచుతనంలో మేము మండపేటలో ఉండేవాళ్ళం. నాన్నగారు రైసుమిల్లులో గుమాస్తా, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు. నాకు అప్పుడప్పుడే టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ ఏడాది ఎండల్లో నాన్నగారికి భోజనం చేశాక కడుపులో నొప్పి మొదలైంది. మా పేటలో అందరూ పెద్ద డాక్టరు గారనే ఒకాయన దగ్గరికే వెళ్ళేవారు. ఆయన హస్తవాసి మంచిదని, పలకరిస్తేనే సగం జబ్బు పోతుందని పేరు. ఆయన అది కడుపులో పుండన్నారు, మందులిచ్చి కారం మానెయ్యమన్నారు. వానలు పడి, ఊడ్పులు అయిపోయినా నొప్పి తగ్గలేదు సరికదా, నాన్నగారి చొక్కా భుజాల మీద నిలవకుండా జారిపోవడం మొదలెట్టింది. చిన్నాన్న కాకినాడ తీసుకెళతానంటే, డాక్టరు గారు నొచ్చుకుంటారని నాన్నగారే వద్దన్నారు.

ఒక సాయంత్రం డాక్టరు గారే మా ఇంటికి నడిచి వచ్చారు. నాన్నగారి పొట్ట మళ్ళీ నొక్కి చూసి, గుమ్మంలో నిలబడ్డ మా అమ్మ వంక కూడా చూస్తూ అన్నారు: “నేను పొరబడ్డానండి. ఇది పుండు కాదు. ముందే పంపించాల్సింది. రేపు కాకినాడ వెళదాం, నేనూ వస్తాను.”

నాన్నగారు ఆయన చెయ్యి పట్టుకుని ఫర్వాలేదండి, ఫర్వాలేదండి అంటూ ఆయన్నే ఓదార్చారు.

కాకినాడలో క్యాన్సరన్నారు, ఆలస్యమైందన్నారు. కోతలకి ముందే నాన్నగారు పోయారు. సమాధి దగ్గర డాక్టరు గారు అందరి వెనకాల నిలబడ్డారు, ఎవరూ పలకరించలేదు. నేను ఏడ్చినట్టు గుర్తులేదు. తర్వాత బడికి వెళ్ళి పిల్లల చేత ఎక్కాలు చెప్పించాను, ఒక్కటీ తప్పు పోలేదు.

కొన్నాళ్ళకి మా అమ్మకి విడవని జ్వరం పట్టుకుంది. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి చిన్నాన్న రిక్షా తెస్తే, ఆవిడ పెద్ద డాక్టరు గారి దగ్గరికే పోనిమ్మంది.

“ఏంటి వదినా, అన్నయ్యని పోగొట్టుకున్నాక కూడానా?” అని చిన్నాన్న కేకలేశాడు.

“చూడు నాయనా, ఆయనకి తెలియకపోతే తెలియలేదని చెబుతారు. మిగతావాళ్ళు చెబుతారో లేదో నాకెలా తెలుస్తుంది?” అంది అమ్మ.

క్లినిక్‌లో మమ్మల్ని చూసి డాక్టరు గారు లేచి నిలబడ్డారు. నా దగ్గరికే వచ్చారేంటమ్మా అన్నారు. అమ్మ నాడి చూడమని చెయ్యి చాపింది. జ్వరం తగ్గింది. ఆయన క్లినిక్ మూసేసేదాకా ఆవిడ ఇంకొకరి గడప తొక్కలేదు. నేను మాత్రం ఆయన్ని క్షమించానో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఈ రాజమండ్రి డాక్టరు గారి మీద నాకే ఫిర్యాదూ లేదు. కుర్రవాడైనా దిట్ట అంటున్నారు. ఇప్పటి పరీక్షలు ఆనాడు ఉంటే నాన్నగారు ఇంకొన్నాళ్ళు బతికేవారేమో కూడా. కాకపోతే ఆ రోజుల్లో డాక్టరు గారు కూడా మా వీధిలోనే నడిచేవారు, మాకు ఎదురుపడక తప్పేది కాదు. ఇప్పుడు ఎవరి దారి వారిది.

శుక్రవారం వెళ్ళి చేరతాను. బాగుపడతాననే అనుకుంటున్నాను. ఒకవేళ అటూ ఇటూ అయితే పొరబడ్డానన్న ఆ మాట మా అమ్మాయికి ఎవరు వచ్చి చెబుతారో, ఆ తర్వాత తనకి జ్వరమొస్తే ఎవరి దగ్గరికి వెళుతుందో, అదే తెలియడం లేదు.