జాజు పూసిన అరవై చెట్లు

సూర్యాపేట కొత్త జిల్లా అయిన మరుసటి వేసవిలో నాకు మిర్యాలగూడ నుంచి కోదాడ వైపుకు బదిలీ అయింది. అటవీ శాఖలో రేంజరుని. చేరిన వారానికే ఒక పని అప్పగించారు. నడిగూడెం అవతల ఒక చిన్న ఊళ్లో పాత గడీ ఉంది. దాని చుట్టూ ఒకప్పటి దొర ఎక్కడెక్కడి నుంచో తెప్పించి నాటించిన చెట్ల తోట ఉంది. జనం చూడటానికి తెరవబోతున్నారు కాబట్టి ముందుగా చెట్లు లెక్కపెట్టి, విరిగి పడేలా ఉన్నవాటిని తీయించాలి.

మా పద్ధతి ఇది. ఛాతీ ఎత్తున చుట్టుకొలత తీస్తాం. కొట్టేయాల్సిన చెట్టుకు ఎర్ర రంగు పట్టీ వేస్తాం. తర్వాత చెట్టు మొదలు దగ్గర బెరడు కాస్త చెక్కి, ఆ చోట సుత్తితో నంబరు కొట్టాలి. ఎండ మాడ్చేస్తోందని చెక్కడం, నంబరు కొట్టడం కోత రోజుకు వాయిదా వేశాను.

లెక్కకు వచ్చిన అరవై చెట్లలో ఎర్ర పట్టీ పడింది ఒక్కదానికే. గుర్రాల శాల పెంకుల మీదికి కొమ్మలు చాచి ఉంది. ఆకు లేదు, పువ్వు లేదు, దాని పేరేమిటో నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి, తెలియదని ఎలా రాస్తాను? 'ఎండిన చెట్టు' అని రాసి పరువు దక్కించుకున్నాను.

తోటకు నీళ్లు పెట్టే సైదమ్మ అడ్డం వచ్చింది. అరవై దాటిన మనిషి.

"అది సచ్చిపోలే సారూ, అలిగింది. ఒక్క వాన పడనియ్యి, ఎట్ల సిగురేస్తదో సూడు. నా పెండ్లయి వచ్చినప్పటి సంది దీనికి నీళ్లు మోస్తున్న."

చెట్లకు అలకలుండవని, బుధవారం కోతవాళ్లు వస్తారని చెప్పి జీపెక్కాను.

బుధవారం పొద్దున గేటు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. అరవై చెట్లకూ సున్నం, సున్నం మీద ఎర్రటి జాజు పట్టీలు! పండక్కి గోడలకు పూసే ఎర్రమట్టే, చెట్లన్నిటికీ నడుం చుట్టూ పూసి ఉంది.

"తోట సూడ జనమొస్తరంట గద సారూ, జర ముస్తాబు చేసినం" అంది సైదమ్మ, ఏమీ ఎరగనట్టు.

కోతమేస్త్రి గొడ్డలి కింద పెట్టేశాడు. "ఎర్ర పట్టీ అన్నిటికుంది. అరవై నరకమంటవా? నంబరు కొడితేనే గొడ్డలి పెడత."

వాడన్నది మా శాఖ రూలే. పళ్లు కొరుక్కుంటూ సుత్తి తీసుకుని నా చెట్టు దగ్గరకు వెళ్లాను. నంబరు కోసం మొదలు దగ్గర బెరడు చెక్కాను. లోపల పచ్చగా, తడిగా ఉంది. వేలికి జిగురు అంటింది.

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నిజంగా సిగ్గేసింది. మొదటి రోజే చెక్కి ఉంటే ఆమెకు అంత సున్నం ఖర్చయ్యేది కాదు.

రిజిస్టరులో 'ఎండిన' అన్నది కొట్టేసి, 'బతికి ఉంది, పేరు తెలియదు' అని రాసి సంతకం పెట్టాను. బెరడు చెక్కమన్న రూలు నంబరు కోసమే అనుకున్నాను అన్నేళ్లూ. అది చెట్టు కోసం కూడా. ఇక 'తెలియదు' అన్న మాటకు రిజిస్టరులో ఎప్పుడూ చోటుంది, నేనే ఎన్నడూ వాడలేదు.