నీళ్ళ పక్క పగులు

మా వీధి చివర రేకుల షెడ్డులో పనిచేసే వెల్డింగు మేస్త్రిని పెద్దాచిన్నా అందరూ అతుకు మావయ్య అనేవాళ్ళు. గేట్లూ గ్రిల్లులూ ఆయన ముట్టుకునేవాడు కాదు. ఆయన పనంతా బీడు మీద, అంటే పోతపోసిన ఇనుము మీద. పాత ఇంజన్ల సిలిండర్ హెడ్లూ, బ్లాకులూ పగిలితే నేరుగా ఆయన దగ్గరికే వచ్చేవి.

బీడు మొండి ఘటం. వంగదు, సాగదు, తిక్క రేగితే పగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు మంట పెడితే అతికిన చోటు పక్కనే మళ్ళీ నోరు తెరుస్తుంది. అందుకని ఆయన దాన్ని బొగ్గుల మీద నిదానంగా వేడిచేసి, వేలెడు మేర అతికి, చిన్న సుత్తితో తట్టి, కాస్త ఆగి, మళ్ళీ అతికి, చివరికి బూడిదలో పూడ్చిపెట్టేవాడు. "బాలింతకి గాలి తగలనిస్తామా? ఇదీ అంతే" అనేవాడు.

ఏది అతకాలో, ఏది పారేసి కొత్తది వేసుకోవాలో చెప్పడంలో ఆయన మాటకు ఎదురులేదు. సిలిండర్ హెడ్డుకు ఒక పక్క నీళ్ళు తిరుగుతాయి, రెండో పక్క నిప్పు మండుతుంది. నీళ్ళ పక్క పగిలితే అతికేవాడు. పగులు నిప్పు పక్కకు పాకిందంటే మాత్రం ఎంత బతిమాలినా చెయ్యి వేసేవాడు కాదు. "మార్చుకోండి. రేపు అది పేలితే నన్ను తిట్టుకుంటారు" అని పంపేసేవాడు.

ఇన్నేళ్ళ వెల్డింగు మెరుపు ఊరికే పోతుందా? కుడికన్ను మసకబారింది, ఎడమది దాని వెంటే నడిచింది. ఇంట్లో కూడా చెప్పలేదు. అద్దాలు మార్చాడు, షెడ్డులో దీపం మార్చాడు, చివరికి దీపాన్నే తిట్టాడు. భార్య పక్కనుంటే పని సాగిపోయేది. హెడ్డుకు కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దముక్క రుద్దడం మొదట్నించీ ఆవిడ పనే. పగుల్లో దాక్కున్న నూనె సుద్దలోకి ఊరి నల్లటి గీతలా బయటపడుతుంది. ఆ గీత చివర ఎక్కడుందో ఆవిడ వేలు పెట్టి చూపిస్తే, పగులు ఇంకా పాకకుండా ఆయన అక్కడ చిన్న బెజ్జం వేసేవాడు.

ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిన రోజునే మర పిన్ని వచ్చింది. పిండి మర నడిపేది కాబట్టి వీధికంతటికీ ఆమె మర పిన్ని. భర్త సైకిలు వెనక కట్టుకొచ్చిన హెడ్డును ఇద్దరూ కలిసి బల్ల మీద పెట్టారు.

"అన్నయ్యా, నీళ్ళు కారుతున్నాయి. ఈ రకం ఇంజన్ చేసే కంపెనీ ఎప్పుడో మూతబడిందట. కొత్త హెడ్డు దొరకదు. నువ్వే దిక్కు" అంది.

మావయ్య కిరసనాయిలు రాశాడు, సుద్ద రుద్దాడు. గీత మొదలు కనబడింది. చివర కనబడలేదు. వెలుతురులోకి తిప్పాడు, గోరుతో తడిమాడు. గీత మసకలో కలిసిపోయింది. ఆలుమగలిద్దరూ డాక్టరు మొహంలోకి చూసినట్టు ఆయన మొహంలోకే చూస్తున్నారు. 'నాకు కళ్ళు ఆనడం లేదమ్మా' అన్న మాట గొంతుదాకా వచ్చింది. బయటికొచ్చింది వేరే మాట.

"నిప్పు పక్కకు పాకేసిందమ్మా. అతికి లాభం లేదు. ఎక్కడైనా పాతదైనా వెతికి మార్చుకోండి."

వాళ్ళు ఆ మాట నమ్మారు. వచ్చినట్టే హెడ్డును సైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. మర మళ్ళీ ఆడుతున్న చప్పుడు వినబడితే మావయ్య గుండె కుదుటపడింది. కొన్ని వారాలకు ఒక పొద్దున మర పిన్ని ఒక్కతే షెడ్డుకొచ్చి బల్ల చివర కూలబడింది. పాత సామాన్ల షాపులో దొరికిన హెడ్డును బిగించారట. దాని పగులుకు ఎవరో లప్పం పెట్టి పైన రంగు పూశారు. ఇంజన్ వేడెక్కాక ఆ లప్పం ఊడి, మరిగే నీళ్ళు ఆమె భర్త కుడిచేతి మీద చిమ్మాయి.

"నువ్వు నిజమే చెప్పావన్నయ్యా. ఆ కొన్నదాన్ని తెచ్చి నీకొకసారి చూపించి బిగించుకోవాల్సింది. తొందరపడ్డాం. తప్పు మాది" అంది.

ఆమె తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. ఆ మధ్యాహ్నం సగంలోనే కంచం ముందునుంచి లేచిపోయాడు. "ఏమైందండీ?" అని భార్య అడిగితే, "ఏం లేదు. సాయంత్రం మర పిన్ని వాళ్ళాయన్ని చూసొద్దాం, నువ్వూ రా" అన్నాడు.

మర గదిలో గోడవారనున్న మంచం మీద, చేతికి కట్టుతో కూర్చునున్నాడు ఆ భర్త. "రా బావా" అని ఎడంచేత్తో మంచం తుడిచి చోటిచ్చాడు. మావయ్య కూర్చోలేదు. తను అతకనని పంపేసిన హెడ్డు తలుపుకు అడ్డుగా పెట్టి ఉంది. ఆయన చూపు దాని మీదే ఉంది.

ఆ క్షణాన ఆయన కోరుకున్నది ఒక్కటే. ఆ పగులు నిజంగానే నిప్పు పక్కకు పాకి ఉండాలి. తను ఆడిన అబద్ధం ఎలాగోలా నిజమైపోవాలి.

"ఏమే, దాన్నొకసారి చూడు" అన్నాడు భార్యతో.

డబ్బాల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క అక్కడే ఉంది. ఆవిడ హెడ్డును వెలుతురులోకి దొర్లించి, నూనె రాసి, తుడిచి, సుద్ద రుద్ది వంగి చూసింది. బోర్లా తిప్పి అటు కూడా చూసింది.

"ఇది నీళ్ళ పక్కే ఆగిపోయిందిగా. లోపలికి పాకనేలేదు. మీరు అతికేసేవాళ్ళే దీన్ని" అంది, మామూలుగా.

మర పిన్నే అందుకుంది. "పోనీలే వదినా. ఆ రోజు అన్నయ్య ఏదో పరాకులో ఉండుంటాడు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

తప్పించుకోవడానికి ఆమే దారి చూపించింది. తల ఊపితే సరిపోయేది.

"పొరపాటు కాదమ్మా. పగులు చివర నాకు కనబడలేదు. కనబడలేదని చెప్పడానికి నామోషీ అయింది. నిప్పు పక్కకు పాకిందని అబద్ధం చెప్పాను" అన్నాడు మావయ్య.

"కనబడలేదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళేవాళ్ళం కదన్నయ్యా. అంతేగా" అంది మర పిన్ని. ఆ తర్వాత ఆయన వైపు చూడకుండా భర్త చేతి కింద దిండు సర్దింది. భర్త మాత్రం, "బీడు కదా, ఎప్పుడో ఒకప్పుడు పగిలేదే" అని ఏదో సర్దిచెప్పబోయి ఆగిపోయాడు.

మర్నాడు మావయ్య ఆ హెడ్డును రిక్షాలో వేసుకుని బస్టాండు పక్కనున్న ఇంకో వెల్డింగు షాపుకు తీసుకెళ్ళాడు. ఆ మేస్త్రి వచ్చి పదిహేనేళ్ళయినా వీధికి ఇంకా కొత్తాయనే. "వాడిది వెల్డింగా, జిగురు పూత" అని మావయ్య ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో లెక్కలేదు. అవన్నీ కొత్తాయన చెవిన పడ్డవే.

"నా దగ్గరికి తెచ్చారేంటి అన్నా?"

"కళ్ళు ఆనడం లేదయ్యా. నువ్వు అతకాలి."

కొత్తాయన నవ్వుతాడనుకున్నాడు. అతను స్టూలు లాగి వేసి, బొగ్గులు రాజేశాడు. మావయ్య మధ్యలో ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, మూసుకున్నాడు. కొత్తాయన సుత్తితో తడుతుంటే ఆ చప్పుడు మాత్రం తలవంచుకుని విన్నాడు. బూడిదలోంచి తీశాక నీళ్ళు పట్టి చూస్తే ఒక్క చుక్క కారలేదు. హెడ్డును మరకు చేర్చి ఇంటికొచ్చాక భార్య అంది. "ఇన్నాళ్ళూ సుద్ద నేనే రుద్దాను. నాతోనైనా చెప్పకూడదా?"

ఆ హెడ్డు బిగించాక మర బాగానే ఆడింది. మర పిన్ని భర్త చెయ్యి మానింది కానీ రెండు వేళ్ళు వంగడం మానేశాయి. డబ్బా ఎత్తాలంటే మోచెయ్యి కింద పెట్టి ఎత్తుతాడు. మావయ్య కంటి ఆపరేషను చేయించుకున్నాడు. ఒక కన్ను కొంత తేటపడింది, రెండోది అలాగే ఉండిపోయింది. షెడ్డుకు తాళం పడింది. ఎవరైనా పాత అలవాటు కొద్దీ ఇంటికి హెడ్డు తెస్తే, "నాకు కనబడదు బాబూ, కొత్తాయనకు చూపించు" అని గుమ్మంలోనే చెప్పేస్తాడు. ఆ మాట అనడం ఇప్పుడాయనకు కష్టంగా లేదు. ఇంత తేలికైన మాట ఆ రోజెందుకు రాలేదా అన్నదే ఆయన్ని తినేస్తుంది.

ఇంట్లో పిండి అయిపోతే భార్యను పంపడు, డబ్బా తనే పట్టుకెళ్ళి వరసలో నిలబడతాడు. ముందుకు రమ్మని ఎవరైనా అన్నా కదలడు. మర పిన్ని ఆయన వంతు వచ్చాక డబ్బా అందుకుని, పిండి పట్టి, మూత బిగించి ఇస్తుంది. "అన్నయ్యా" అని మాత్రం పిలవదు. ఆయన డబ్బా భుజానికెత్తుకుని, మంచం వైపు ఒకసారి చూసి, ఇంటికి నడుస్తాడు.