శారద అక్క దిగిన డ్రెయిన్

నిన్న మధ్యాహ్నం హనుమాన్ జంక్షన్‌లో బస్ కోసం నిలబడి ఉన్నాను. బావ ఫోన్ చేశాడు.

"అక్క లేదురా."

ఏ అక్క అని అడిగాను. నాకున్నది ఒక్కతే అక్క.

శారద అక్క మా పెదనాన్న కూతురు. జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. సెలవు దొరికితే బావతో పాటు అరటి తోటలోనే ఉండేది.

ఈమధ్య వరదకి మా ఊరి తోటలన్నీ మునిగాయి. నది తగ్గినా చేలల్లో నీళ్ళు కదల్లేదు. మురుగు డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క మొక్కలు అల్లుకుని నీళ్ళు పోవట్లేదు. అరటి ఆకులు పాలిపోవడం మొదలైంది.

మా వాళ్ళు ఎప్పుడూ చేసేదే చేశారు. యూరియా తెచ్చి, నిలవ నీళ్ళలోనే చల్లారు.

పాల కేంద్రం దగ్గర అక్క అందరికీ చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అది ఆకలి కాదండీ. వేరుకి గాలి అందట్లేదు. గాలి లేకపోతే వేరుకి సత్తువ ఉండదు. అందుకే మొక్క తనంతట తనే తిండి తగ్గించుకుని, ఉన్న కాస్త శక్తీ బతకడానికి దాచుకుంటుంది. ముందు నీళ్ళు తియ్యండి. కొత్త వేరు వేశాక ఎరువు పెట్టండి."

"మేడమ్ గారూ, ఇది పరీక్షలో రాస్తే మార్కులు పడతాయండీ. గెలలు పడవు" అన్నాడు ఒకాయన.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

"సరే బాబాయ్, మీరు ఏట్లో మునిగిపోతుంటే బయటికి లాగనులే. బిర్యానీ తెచ్చి పెడతా."

ఇంటికొక మనిషి వస్తే డ్రెయిన్ బాగు చేసుకుందాం అని అడిగింది.

ఒక్కరూ రాలేదు. రెండో విడత యూరియా కోసం క్యూలో ఉన్నారు.

అక్క, బావ, ఇద్దరు కూలీలు. అంతే. నడుముల్లోతు మురుగులో నిలబడి, డెక్క కోసి గట్టు మీదికి లాగారు. నువ్వు పైకి రా, నీకెందుకు అని బావ అంటే, "మన ఒక్క తోటకి వేరే డ్రెయిన్ లేదుగా" అందట.

డ్రెయిన్ పారింది. నీళ్ళు దిగాయి. అక్క తోటలోవే కాదు, అందరివీ.

తర్వాత జ్వరం. మామూలుదే అనుకుని మాత్రలు వేసుకుని కాలేజీకి వెళ్ళింది. విజయవాడ హాస్పిటల్‌లో చేర్చేసరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎలుక జ్వరం అన్నారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు, కాళ్ళ మీద గాట్లలోంచి లోపలికి పోయాయట.

ఇవాళ పొద్దున దహనానికి మాత్రం ఊరంతా వచ్చింది. ఇంటికొక మనిషి కాదు, ఇద్దరు ముగ్గురు.

వెనక్కి వస్తుంటే దారి పక్క తోటలన్నీ తేరుకుని ఉన్నాయి. కొత్త ఆకులు విచ్చుకుంటున్నాయి. అక్కవాళ్ళ పక్క తోట ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చూశావా అబ్బాయ్, యూరియా వెయ్యబట్టి నిలబడ్డాయి. మీ అక్కకి చెప్తే విందా, పాపం."

ఆయన చెయ్యి మెల్లగా దించి ముందుకి నడిచాను. శ్మశానం నుంచి వస్తున్నాం.

అక్కా, ఆ మాట నువ్వు వినకుండా పోయావు. అదొక్కటే మేలు.

ఇంక ఎవరికీ ఏదీ నచ్చజెప్పక్కర్లేదు. నిమ్మళంగా ఉండు.