పశువుల నర్సమ్మగారి అత్తగారు

ఆ వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా అత్తగారికి తెలియాలి. తెలియకపోతే తిన్నది అరగదు. ఎదురింటివాళ్ళు కొత్త మంచం కొంటే ఏ కొట్లో కొన్నారో, పాతది ఎవరికిచ్చారో, కొత్తదాని మీద నిద్ర ఎలా పడుతోందో అన్నీ కనుక్కుని గానీ కుదురుగా కూర్చునేది కాదు. అలాంటి మనిషి తన ఇంటి సంగతి ఒకటి మాత్రం వీధిలో ఎవరికీ అంతు చిక్కకుండా గుప్పిట్లో పెట్టుకుంది. అది కోడలి ఉద్యోగం.

కోడలు ఆసుపత్రిలో పనిచేస్తుందని అందరికీ తెలుసు. ఏ ఆసుపత్రి అని ఎవరైనా అడిగితే, "పెద్దదేలే, బస్టాండు అవతల" అని అత్తగారు మాట దాటేసేది. బస్టాండు అవతల రెండు ఆసుపత్రులున్నాయి. ఒకటి మనుషులది. కోడలు వెళ్ళేది రెండోదానికి, పశువుల ఆసుపత్రికి.

పెళ్ళయిన కొత్తలో ఆ పిల్ల అక్కడ బోనులు కడిగేది. పొద్దున్నే వెళ్ళి, కుక్కలూ పిల్లులూ పాడుచేసిన బోనులన్నీ మందునీళ్ళతో కడిగి, దుప్పట్లు ఉతికి ఆరేసి, ఏది తిన్నదో, ఏది గిన్నె ముట్టకుండా ముఖం తిప్పుకుందో డ్యూటీ నర్సుకు చెప్పేది. ఇంటికొచ్చి ఎంత సబ్బు రుద్దుకున్నా ఆ మందునీళ్ళ వాసన వదిలేది కాదు. "ఇదేం వాసనే తల్లీ!" అని అత్తగారు కిటికీలన్నీ తెరిచేది. కోడలు నవ్వేసేది. ఆ నవ్వు చూస్తే అత్తగారికి ఒళ్ళు మండేది. సిగ్గుపడాల్సిన చోట నవ్వేమిటి?

తర్వాత ఆమెను పట్టుకునే పనికి మార్చారు. డాక్టరు సూది వేస్తున్నప్పుడో కట్టు కడుతున్నప్పుడో జంతువు కదలకుండా పట్టుకోవడం. చెప్పుకోవడానికి ఇంతే. గట్టిగా పట్టుకుంటే బెదిరిపోతుంది, వదులుగా పట్టుకుంటే చేతుల్లోంచి జారిపోతుంది. పిల్లిని పట్టుకున్నట్టు కుందేలును పట్టుకోకూడదు. కుందేలు భయపడి వెనక కాళ్ళు విదిల్చిందంటే దాని నడుము అదే విరగ్గొట్టుకుంటుందట. ఆ రోజుల్లో కోడలి చేతుల నిండా గోళ్ళ గాట్లే. పక్కింటావిడ అడిగితే అత్తగారు తడుముకోకుండా, "పిల్లల వార్డులో వేశారమ్మా. ఆ పిల్లలకు గోళ్ళు తీసే దిక్కుండదు" అంది.

ఆ మీద సాయంత్రం క్లాసులు మొదలయ్యాయి. పగలంతా పని, పొద్దువాలాక చదువు. మనవరాలిని అత్తగారే చూసుకుంది, సణుగుతూనే. "కుక్కలకు సేవ చేయడానికి కూడా పరీక్షలా?" అని. పరీక్ష గట్టెక్కి కోడలు నర్సు అయింది. ఇప్పుడు ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చిన జంతువును కనిపెట్టుకుని ఉండటం ఆమె పని.

ఇంట్లో ఈ కబుర్లు రాత్రి అన్నాల దగ్గర దొర్లేవి. అచ్చుప్రెస్సులో పనిచేసే కొడుకు పెళ్ళాన్ని అడిగేవాడు, ఆమె చెప్పేది. "అన్నం దగ్గర ఆ పేగుల గొడవ ఏంటర్రా" అని అత్తగారు విసుక్కునేది. విసుక్కుంటూనే చెవులు రెండూ అటే పెట్టేది. మర్నాడు గిన్నెలు సర్దుతూ, "ఆ మూడు కాళ్ళ కుక్క నడిచిందా?" అనేది. కోడలు చటుక్కున తలెత్తితే, "ఊరికే అడిగాలే" అని అటు తిరిగిపోయేది.

చిక్కు టైలరమ్మ దగ్గర వచ్చింది. టైలరమ్మ కుట్టుమిషను ఆ ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉంటుంది. ఒకరోజు ఆవిడ తిన్నగా గుమ్మంలోకొచ్చి, "అక్కయ్యా, తల తిరుగుతోంది. మీ కోడల్ని కాస్త బీపీ చూడమనవా?" అంది.

"ఇంటి దగ్గర చూడకూడదట. వాళ్ళ రూలు" అంది అత్తగారు.

"బీపీకి కూడా రూలేనా? నర్సు కాగానే నేల మీద నడవడం మానేసిందన్నమాట" అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది టైలరమ్మ.

లోపలినుంచి కోడలు అంతా విన్నది. ఆ రాత్రి కోపంగా అనలేదు గానీ, మెత్తగానూ అనలేదు.

"అత్తయ్యా, నాకు పొగరని పేరొస్తే రానివ్వండి. కానీ వచ్చే వారం నుంచి నన్ను హెడ్ నర్సును చేస్తున్నారు. బోనులు కడిగే చోట మొదలుపెట్టి అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు ఆ ఆసుపత్రిలో ఇంకొకరు లేరు. అక్కడ అందరూ చప్పట్లు కొట్టారు. మన వీధిలోకి వచ్చేసరికి నేను ఏం చేస్తానో నోరు విప్పి చెప్పుకోలేకపోతున్నాను. మీరు ఒక్కసారి చెప్పండి. మీ నోటితో. నాకింకేం వద్దు."

"చూద్దాంలే" అంది అత్తగారు.

చూద్దాంలే అంటే ఆ ఇంట్లో వద్దనే అర్థం. కోడలు లేచి వెళ్ళిపోయింది. అత్తగారికి మాత్రం కంటి మీద కునుకు పడలేదు. ఇన్నేళ్ళూ పిల్లల వార్డని ఊదరగొట్టి, ఇప్పుడు కుక్కలనీ గేదెలనీ ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? వీధి వీధంతా పగలబడి నవ్వదూ? చెప్పకపోతేనో, ఆ పిల్ల ముఖం. రెండు వైపులా నలిగింది.

మర్నాడు దిండు గలేబులు కుట్టించాలనే వంకతో అత్తగారు టైలరమ్మ కొట్టుకు వెళ్ళింది. నిజానికి ఆవిడ కోపం ఎంతవరకు దిగిందో తెలుసుకుందామని. కొట్లో బట్టలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు మరో ఇద్దరున్నారు. టైలరమ్మకు ఒక ఎర్ర పిల్లి ఉంది. కత్తిరించిన గుడ్డల మీద పడుకుని పనంతా పర్యవేక్షిస్తుందని దాన్ని మేనేజర్ అంటారు. ఆ పూట మేనేజర్ మిషను కింద నక్కి, మెడ చాచి గుటకలు వేస్తోంది. నోటి వెంట చొంగ. చొంగతోపాటు జానెడు నీలం దారం వేలాడుతోంది.

"దొంగముండ, దారం మింగింది చూడు" అంటూ టైలరమ్మ వంగి దారం కొస పట్టుకుంది.

అత్తగారి చెయ్యి ఆలోచన కంటే ముందు లేచింది. టైలరమ్మ ముంజేతి మీద ఫెడీమని ఒక్కటి పడింది.

"లాగకు!"

"అయ్యో, కొడతావేంటి అక్కయ్యా!"

"దారానికి సూది ఉందా లేదా? ఆ దిండులో సూది చూడు ముందు!"

టైలరమ్మ సూదులు గుచ్చే చిన్న దిండు అటూ ఇటూ తిప్పి చూసింది. పొద్దున నీలం దారం ఎక్కించి గుచ్చిన సూది లేదు. ఆవిడ ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"అది లోపల ఎక్కడ గుచ్చుకుందో ఎవరికి తెలుసు? నువ్వు లాగావంటే ఇంకా లోతుకు దిగుతుంది. దారం కడుపులోకి పోయుంటే పేగును కోసేస్తుంది. లాగొద్దు, కత్తిరించొద్దు, పాలు గీలు పట్టొద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకెళ్ళాలి."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

కొట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఆవిడ ముఖంలోకే చూస్తున్నారు. మిషను కింద పిల్లి మళ్ళీ గుటక వేసింది.

"నా కోడలు చెప్పింది."

"మీ కోడలు పిల్లల వార్డు కదా? అక్కడ పిల్లలు సూదులు మింగుతారా?"

"నా కోడలు పశువుల ఆసుపత్రిలో నర్సు!" అంది అత్తగారు. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. "బస్టాండు అవతల. పెద్ద నర్సు. ఇంకా చూస్తావేంటి, బుట్ట తే!"

కనిపించిన మొదటి బండిని ఆపి ఎక్కారు. బుట్టలో మేనేజర్, మూత మీద టైలరమ్మ రెండు చేతులూ. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే దెప్పడం మాత్రం మానలేదు.

"ఇన్నేళ్ళూ మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టావు కదా అక్కయ్యా. పిల్లల వార్డట!"

"ఎవరి పిల్లలని మీరెవరైనా అడిగారా?"

ఏడుపులోనే టైలరమ్మకు నవ్వొచ్చింది.

అత్తగారు ఆ ఆసుపత్రి గడప తొక్కడం అదే మొదలు. ఎలా ఉంటుందనుకుందో గానీ, అలా లేదు. అద్దంలా మెరిసే నేల. బల్ల వెనక రిసెప్షన్ అమ్మాయి కూర్చునుంది. ఏం మింగింది, ఎప్పుడు, ఆఖరుసారి ఏం తిన్నది అని మూడు ముక్కల్లో అడిగి, వరుసలో ఉన్నవాళ్ళను, "ఇది ముందు వెళ్ళాలండీ, ఏమీ అనుకోకండి" అని ఒప్పించింది. లోపలినుంచి సన్నగా చువ్వలాంటి మనిషి వచ్చాడు. అందరూ అతన్ని పహిల్వాన్ అంటున్నారు. అత్తగారికి నవ్వొచ్చేలోపే అతను పిల్లిని తువ్వాలులో పొత్తిళ్ళ పిల్లలా చుట్టేశాడు, దారం కొస బయటికి ఉండేలా. పిల్లి ఒక్క గోరు బయటపెట్టలేదు. బరువైన ఆప్రాన్ వేసుకున్న ఇంకొకాయన ఎక్స్‌రే తీశాడు. గొంతు వెనక అడ్డంగా సూది తెల్లగా కనిపించింది.

ఆపరేషన్ గదికి ఒక అద్దాల కిటికీ ఉంది. దాని ముందు నిలబడకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పినా అత్తగారు వినేది కాదేమో.

లోపల ముఖానికి మాస్కు, తలకు టోపీ పెట్టుకున్న మనిషిని ఆవిడ ముందు గుర్తుపట్టలేదు. పిల్లి ముందు కాలి మీద చిన్న చోట వెంట్రుకలు గీసి, కనిపించీ కనిపించని నరంలోకి ఆమె మత్తుసూది దించింది. మేనేజర్ మెత్తబడిపోయింది. ఆమె దాని దవడ తెరిచి, లోపలి సూదికి తగలకుండా ఊపిరి ఆడేందుకు సన్నటి గొట్టం గొంతులోకి పంపి, ఒక చెయ్యి పిల్లి ఛాతీ మీద వేసి నిలబడింది. ఆ నిలబడటం చూసి గుర్తుపట్టింది అత్తగారు. మనవరాలికి జ్వరమొస్తే మంచం పక్కన అలాగే నిలబడుతుంది.

డాక్టరమ్మ పొడుగాటి పట్టకారు చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది. కానీ మొదలుపెట్టలేదు. తలెత్తి నర్సు వైపు చూసింది. నర్సు చూడలేదు. ఆమె కళ్ళు పిల్లి మీద ఉన్నాయి. పహిల్వాన్ ఆగాడు. డాక్టరమ్మ ఆగింది. గదికి గదే ఆగింది.

ఇంట్లో కూరలో ఉప్పు వేయడానికి కూడా తన ముఖం వైపు చూసే పిల్ల! అత్తగారు కిటికీ అంచు పట్టుకుంది.

కోడలు తల ఊపింది. అప్పుడు డాక్టరమ్మ వంగింది.

అది ఎంతసేపు సాగిందో అత్తగారికి తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే: డాక్టరమ్మ చెయ్యి ఎటు కదిలినా, ఎవరు ఏ గిన్నె చప్పుడు చేసినా, కోడలి చెయ్యి పిల్లి ఛాతీ మీదనుంచి లేవలేదు. మధ్యలో ఒకసారి ఆమె ఏదో అంది. వెంటనే డాక్టరమ్మ పని ఆపి నిలబడింది. కోడలు ఏదో తిప్పింది, చూసింది, మళ్ళీ తల ఊపింది. కాసేపటికి పట్టకారు కొసన నీలం దారం తోకతో సూది బయటికొచ్చింది. అత్తగారు అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది. బెంచీల నిండా జనం, ఒళ్ళో కుక్కలూ కోళ్ళూ. వాళ్ళ వీధి చివర కిరాణా కొట్టాయన కూడా తన బొచ్చుకుక్కతో ఉన్నాడు. ఆయన చెవిన పడిన మాట సాయంత్రానికల్లా వీధి మొత్తం తిరుగుతుంది.

"మీ పిల్లికి గండం గడిచింది. దారం లాగకుండా తీసుకురావడమే దాన్ని కాపాడింది. చాలామంది లాగేస్తారు" అంది డాక్టరమ్మ టైలరమ్మతో.

"నేనూ లాగేదాన్నేనమ్మా. ఈవిడ కొట్టి మరీ ఆపింది" అని టైలరమ్మ అత్తగారిని చూపించింది.

"మంచి పని చేశారు, పెద్దమ్మగారూ. మీకెవరు చెప్పారు?"

కోడలు అప్పుడే మాస్కు దించుకుంటూ తలుపులోంచి వచ్చింది. అత్తగారిని చూసి ఆగిపోయింది. ఏదో అనబోయి, కిరాణా కొట్టాయనను చూసి, అనకుండా ఊరుకుంది. అలవాటు కొద్దీ, మాట దాచుకునే అలవాటు కొద్దీ.

ఆ ఊరుకోవడం అత్తగారికి గుచ్చుకుంది. బెంచీ మీంచి లేచి, వెళ్ళి కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇదిగో, ఈ అమ్మాయి చెప్పింది. నా కోడలు. పశువుల నర్సు. ఇక్కడే బోనులు కడిగింది, ఇక్కడే కరిపించుకుంది, ఇక్కడే చదువుకుంది. ఈమె తల ఊపందే లోపల పట్టకారు కదలదు, నా కళ్ళతో చూశాను" అంది, కిరాణా కొట్టాయన వైపు తిరిగి, ఆయన చెవిలో పడేటట్టు. "విన్నారుగా? పోయి చెప్పండి."

"చెప్పకుండా ఎలా ఉంటానండీ" అన్నాడాయన.

కోడలు ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూసింది. కళ్ళు మాత్రం నిండాయి. పక్క బెంచీ మీద కోడిని పట్టుకున్న ముసలాయన ఇదే సందని, "అమ్మా, మా కోడి రెండు రోజులుగా తినట్లేదు. ఏం చేయమంటారు?" అని అత్తగారినే అడిగాడు.

"తినట్లేదంటే..." అని అత్తగారు గొంతు సవరించుకుంది.

"అత్తయ్యా!" అంది కోడలు, నవ్వు ఆపుకోలేక. "అది డాక్టరమ్మ చెప్పాలి."

"సరేలే, నాకు తెలుసులే. ముందు రిసెప్షన్లో రాయించుకోవయ్యా" అని ముసలాయనకు దారి చూపించింది అత్తగారు. తర్వాత కోడలి వైపు తిరిగి, చెదిరిన టోపీ సరిచేసి, "నువ్వేంటి ఇంకా ఇక్కడే నిలబడ్డావు? లోపల నీ కోసం ఆగి ఉంటారు. వెళ్ళు" అంది.