వీపు మీద రొయ్య బొమ్మ

పొద్దున్నే అమ్మ నా టీషర్టుని ఇల్లు తుడిచే గుడ్డ చేయబోయింది. "ఉద్యోగం చేస్తూ, ఊరికే పంచిన ఈ బనీనేంటే పిసినారీ?" అంది. పిసినారితనం కాదంటే వినదు.

మీకూ గుర్తుండే ఉంటుంది. నా చిన్నప్పుడు రొయ్యల మేత కంపెనీవాళ్లు రైతుల మీటింగులో భోజనం పెట్టి, వీపు మీద రొయ్య బొమ్మున్న టీషర్టులు పంచేవారు. భీమవరం చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీద చూసినా అదే రొయ్య. నాన్న మాత్రం తనది నాకిచ్చేశారు. నాకది మోకాళ్లు దాటింది. మేత బస్తాల వాసన వేసేది.

"ఆడపిల్లకెందుకండీ అది?" అని అమ్మ నవ్వింది.

"చెరువు చూసుకునేవాళ్లకిచ్చారు. రోజూ నాతో గట్టు మీదకొచ్చేది మన పిల్లేగా!" అన్నారు నాన్న.

ఇప్పుడు మాల్స్‌లో ఇలాంటి బొమ్మల టీషర్టులకి వేలు పోస్తున్నారు. నన్ను రైతుల్లో కలిపిన బొమ్మ మాత్రం అక్కడ దొరకదు.

రేపు ఆఫీసుకి ఇదే వేసుకెళ్తున్నాను.